ఫెల్ట్ బైబిల్ కథల పుస్తకం: ఎక్కడ పాడవుతుంది, ఎందుకు, ఏం చేయాలి

ఫెల్ట్ షీట్లని పేజీలుగా కుట్టి, తీసి పెట్టుకునే బొమ్మలతో చేసిన కథల పుస్తకాన్ని రెండేళ్ళ పిల్ల చేతికి ఇస్తే చదవదు, లాగుతుంది. నోవహు ఓడ తలుపు లాగుతుంది, మేడిచెట్టు మీద కూర్చున్న జక్కయ్యని కాలు పట్టుకుని కిందికి లాగుతుంది. కాబట్టి పుస్తకంలో ఏ లోపం కనిపించినా ముందు ఒక్కటే చూడండి: ఆ లాగుడు దేని మీద పడుతోంది? ఫెల్ట్ మీదా, దారం మీదా, జిగురు మీదా? ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో దొరికే సామాను, ఇక్కడి వానలు దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

కుట్టు వెంబడే షీటు చిరిగిపోతోంది

అసలు అది ఫెల్టేనా? చిన్న ఊళ్ళ స్టేషనరీ షాపుల్లో ఫెల్ట్ అడిగితే చాలాసార్లు ఫోమ్ షీటు చేతిలో పెడతారు. నున్నగా, రబ్బరులా ఉంటుంది, గోరు గుచ్చితే గుంట పడుతుంది. స్కూలు చార్టుల మీద అంటించడానికి బాగుంటుంది గానీ కుట్టుకి పనికిరాదు. అంచు గిల్లి చూస్తే సన్నటి పీచు వచ్చేదే ఫెల్ట్. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో దొరక్కపోతే బరంపురమో శ్రీకాకుళమో వెళ్ళేవాళ్ళతో చెప్పి తెప్పించుకోండి. పేజీలకి 2 మిల్లీమీటర్ల మందం, బొమ్మలకి 1 మిల్లీమీటరు.

ఫెల్టే అయినా చిరుగుతోందంటే కుట్టు మరీ దగ్గరగా ఉంది. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు, పీచుని అదిమి చేసిన షీటు. అందుకే అంచు నుంచి పోగులు రావు. కానీ దగ్గర దగ్గరగా సూది దిగితే తపాలా బిళ్ళ అంచులా ఆ వరసన చిరుగుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెట్టండి. చిరిగినచోట అదే వరస మీద మళ్ళీ కుట్టొద్దు. వెనక నుంచి ఒక ఫెల్ట్ పట్టీ వేసి, కొంచెం లోపలికి కొత్త వరస నడపండి.

జంతువులు నిలవడం లేదు, పేజీ మీద బొచ్చు లేస్తోంది

వెల్‌క్రో గరుకు వైపు ఫెల్ట్‌కి కూడా అంటుకుంటుంది కదా అని చాలామంది మెత్తటి వైపు వాడరు. వారం గడిచేసరికి ఆ కొక్కేలు ఫెల్ట్ పీచుని పైకి లాగేస్తాయి. ఆపైన పట్టూ ఉండదు, అందమూ ఉండదు. గరుకు ముక్క జంతువు వీపుకి, మెత్తటి ముక్క పేజీకి కుట్టండి. లేచిన బొచ్చుని చిన్న కత్తెరతో కత్తిరించి, దాని మీదే మెత్తటి ముక్క వేసేస్తే మచ్చ కూడా పోతుంది. జంతువుల్ని దాచే జేబుకి లోపల కాటన్ లైనింగ్ వేయాలి, లేకపోతే అవి జేబుకే అంటుకుని బయటికి రావు.

వెనక జిగురున్న వెల్‌క్రో కొనకండి. జిగురు సూదికి పట్టుకుని కుట్లు తప్పుతాయి. మీటరు లెక్కన అమ్మే కుట్టు రకం తీసుకోండి.

వెల్‌క్రో గట్టిగానే ఉండి బొమ్మే చిరుగుతోందా? ముక్క పెద్దదైంది. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్క చాలు, మూలలు గుండ్రంగా కత్తిరించి బొమ్మ మధ్యలో పెట్టండి. బొమ్మని రెండు పొరలతో చేసి, మొదట వెనకవైపు పొరకి వెల్‌క్రో కుట్టి, తర్వాతే రెండూ కలపండి. పిల్ల తోక పట్టుకుని లాగినా ఆ బరువు పొర మొత్తం పంచుకుంటుంది.

ఓడలోకి జంతువులు దూరడం లేదు

ఆదికాండం లెక్క ప్రకారం ఓడ పొడవు 300 మూరలు, ఎత్తు 30 మూరలు. ఆ నిష్పత్తిలో కత్తిరిస్తే 20 సెంటీమీటర్ల పేజీ మీద ఓడ ఎత్తు 2 సెంటీమీటర్లే! ఇక్కడ కొలతల్ని పక్కన పెట్టండి. ఓడకి పేజీలో సగం ఎత్తు ఇచ్చి, తలుపు పిల్ల గుప్పెడు పట్టేలా ఉంచండి. మూడు జతలు, ఒక పావురం చాలు. మొదట బయటికి పంపింది కాకిని, దాన్ని అందరూ మర్చిపోతారు. చోటుంటే అదీ వేయండి. ఓలీవ ఆకుని విడిగా ఇవ్వొద్దు, పావురం ముక్కుకే కుట్టేయండి.

చిన్న ముక్కలు ఊడి నోట్లోకి వెళ్తున్నాయి

ఇందులో మాత్రం సర్దుబాటు లేదు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి భద్రతా ప్రమాణాల్లో ఒక గొట్టం పరీక్ష ఉంది, దాని అడ్డకొలత 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడే వస్తువే. కళ్ళకి బొత్తాలు, పూసలు వద్దు, దారంతో ముడికుట్టు వేయండి. దావీదు ఏరుకున్న ఐదు రాళ్ళూ విడిగా ఇవ్వకుండా వాగు మీదే కుట్టేస్తే, పిల్ల తడిమి లెక్కపెట్టుకుంటుంది. వడిసెల తాడు జానెడు దాటకూడదు. ఐదు రొట్టెలు, రెండు చేపలైతే విడిగా ఇవ్వొచ్చు, ఒక్కోటీ 6 సెంటీమీటర్లకి తగ్గకుండా చేయండి.

అయస్కాంతం అసలు వద్దు. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో ఇరికించుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకి చిల్లు పడుతుంది. గుడ్డలో పెట్టి కుట్టేశాం కదా అనుకోకండి, కుట్టు ఊడుతుందనే కదా ఇదంతా రాస్తున్నది.

జేబు నోరు సాగిపోయింది

మూడు రోజులు చేప కడుపులో ఉండాల్సిన యోనా మూడు నిమిషాల్లో జారిపోతాడు. మోషే జమ్ముపెట్టెదీ ఇదే బాధ. ఫెల్ట్ అంచు సాగితే మళ్ళీ వెనక్కి రాదు. జేబు నోటికి కాటన్ పైపింగ్ (అంచు చుట్టూ మడిచి కుట్టే సన్న పట్టీ) వేయండి, రెండు మూలల దగ్గర మిషన్‌ని వెనక్కీ ముందుకీ నడిపి గట్టి చేయండి. సాగిపోయినదానికి కూడా పైపింగే మందు. నోటిని కాస్త ముడతలు పెట్టి దగ్గరికి తెచ్చి, అదిమి కుట్టాలి, అంతే.

కింద దారం ఉచ్చులు పడుతోంది, కుట్లు తప్పుతున్నాయి

ఉచ్చులు కిందవైపు పడితే తప్పు పైదారానిది. మిషన్ పాదం (గుడ్డని నొక్కి పట్టే భాగం) పైకి లేపి దారం మళ్ళీ ఎక్కించండి, పాదం దించి ఉంటే దారం దాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదు. అప్పటికీ పోకపోతే టెన్షన్ కొంచెం బిగించండి. కుట్లు తప్పితే కొత్త సూది, 16 నంబరు. నాలుగు పొరలకన్నా మందం వచ్చినచోట మిషన్‌తో గొడవ పడకుండా చేత్తో కాజా కుట్టు వేసుకోండి.

అక్షరాలు చితికిపోతున్నాయి

తెలుగైనా ఒడియా అయినా గుండ్రటి అక్షరాలే. ఫెల్ట్‌లో కత్తిరించబోతే లోపలి సున్నాలు తెగిపోతాయి. ఎంబ్రాయిడరీ దారం మూడు పోగులు తీసుకుని గొలుసు కుట్టుతో పేర్లు రాయండి.

ఉతికాక పేజీలు వంకర తిరిగాయి, వాసన వస్తోంది

లోపల అట్ట పెట్టారు. వానాకాలంలో అట్ట ఆరదు, బూజు పడుతుంది. గంజి పెట్టిన బకరం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) కూడా ఒక్క ఉతుకుకే మెత్తబడిపోతుంది. పేజీ మధ్యలో ఇంకో పొర ఫెల్ట్ వేయడమే మేలు. చల్లటి నీళ్ళలో చేత్తో అదిమి ఉతకండి, పిండకండి, పేజీలు విప్పి నీడలో పరిచి ఆరబెట్టండి. ముడతలు పోవాలని వేడి ఇస్త్రీ పెడితే పాలిస్టర్ ఫెల్ట్ కరుగుతుంది. తక్కువ వేడి మీద, పైన కాటన్ గుడ్డ వేసి రుద్దండి. ఎర్ర ఫెల్ట్‌ని తెల్ల గొర్రె పక్కన కుట్టే ముందు తడి తెల్లగుడ్డతో అదిమి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

పుస్తకం మూసుకోవడం లేదు

వెన్ను పట్టీ చాలలేదు. పేజీలన్నీ బొమ్మలతో సహా దొంతర పెట్టి, చేత్తో నొక్కకుండా ఎత్తు కొలిచి, ఆ వెడల్పుకి ఒక సెంటీమీటరు కలిపి పట్టీ కత్తిరించండి. ప్రతి పేజీకీ వెన్ను వైపు 3 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. ఐలెట్లు (కన్నం అంచుకి బిగించే లోహపు వలయాలు) గుచ్చి రింగులు వేస్తే కొద్ది రోజులకే కన్నాలు సాగుతాయి. వేయాల్సిందే అంటే రెండు పొరల మధ్య పాత జీన్స్ పట్టీ పెట్టి, దాని మీద గుచ్చండి.