పాత అంబాసిడర్‌ను మార్పించాలా, అమ్మాలా

ఇంట్లో నిలిచిపోయిన పాత అంబాసిడర్‌కు కొత్త హంగులు దిద్దించాలా, అమ్మివేయాలా అని ఆలోచిస్తున్నవారు మెకానిక్‌ను పిలిచే ముందు ఆర్‌సీ తీసి, అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోతున్నాయో లేదో, రిజిస్ట్రేషన్ గడువు ఉందో లేదో చూసుకోవాలి. కాగితాలు సరిగా లేని బండి ఎంత అందంగా తయారైనా, పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

తరువాత కాళ్ల దగ్గరి మ్యాట్లు ఎత్తి, అడుగు రేకును, తలుపుల కింది అంచులను, డిక్కీ లోపలి భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే, మెత్తగా పలికి తుప్పు రాలితే మాత్రం, రేకు పని ఇంజిన్ పని కన్నా ఎక్కువ ఖర్చునూ కాలాన్నీ మింగేస్తుంది కనుక, ఆ సంగతి దాచకుండా చెప్పి అమ్మడమే మేలని నా అభిప్రాయం.

రేకు గట్టిగా ఉంటే బండిని ఉంచుకోండి, కానీ రూపం మార్చకండి. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహన నిర్మాణాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలన్నా ముందుగా ఆర్‌టీవో అనుమతి అవసరం. పైగా 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారుకే వింటేజ్ (అపురూపమైన పాతకాలపు వాహనం) రిజిస్ట్రేషన్ లభిస్తుంది. 1978 నాటి మార్క్ 3 మోడల్ అంబాసిడర్ గలవారికి ఆ అర్హత 2028లో వస్తుంది. వైరింగ్, సీట్ల కుట్టుపని, పాత రంగే మళ్లీ వేయించడం వంటివి నిశ్చింతగా చేయించుకోవచ్చు. విప్పిన మీటర్లను, కార్బురేటర్‌ను, హబ్ క్యాప్‌లను మాత్రం పారేయకుండా చీటీ కట్టి దాచండి. వాటి విలువ తెలిసిన కొనుగోలుదారు మొదట వాటినే అడుగుతాడు.