లేజర్ స్కానర్‌తో నేల మట్టం కొలవడం - ఐదవ పాఠం: పోలిక దేనితో?

ఈ వారం స్టేషన్లను, అంటే స్కానర్‌ను నిలిపిన వేర్వేరు చోట్ల నుంచి తీసిన స్కాన్లను, జతపరచడం చెప్పవలసి ఉంది. అయితే గత పాఠంతో ఇచ్చిన ఆటోనగర్ గోదాము స్కాన్‌కు మీరు పంపిన, నేల ఎత్తుపల్లాలను రంగుల్లో చూపే పటాలు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. చాలా పటాల్లో నేలంతా పచ్చగా, ±2 మిల్లీమీటర్ల లోపలే ఉంది. అదే నేలను నేను ఎత్తుల తేడాలు కొలిచే దుర్బిణి పరికరమైన ఆటో లెవెల్‌తో కొలిచినప్పుడు 12 మీటర్ల దూరంలో 18 మిల్లీమీటర్ల వాలు తేలింది. ఉత్తరపు గోడ దగ్గర చెంబెడు నీళ్లు పోస్తే సన్నని చారగా సాగి, షట్టర్ పట్టాలో చేరి నిలిచాయి.

తప్పు స్కాన్‌లో లేదు, పోలికకు మీరు ఎంచుకున్న తలంలో (ప్లేన్) ఉంది. సాఫ్ట్‌వేర్‌లో బెస్ట్ ఫిట్ ప్లేన్ నొక్కగానే అది నేల బిందువులకే అతి దగ్గరగా ఉండే తలాన్ని గీస్తుంది. నేల వాలి ఉంటే ఆ తలమూ వాలుతుంది కనుక, ఇక వాలు కనిపించే దారే ఉండదు. వాలుగా పెట్టిన బల్ల మీద అద్దం పరిచి, రెంటి మధ్య సందు లేదు కనుక బల్ల మట్టంగా ఉందనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ పటం చెప్పేది చదును గురించి, అంటే గుంతలూ మిట్టలూ లేకపోవడం గురించి మాత్రమే. మట్టం, అంటే వాలు లేకపోవడం, తెలియాలంటే క్షితిజ సమాంతర తలంతోనే పోల్చాలి, దాని ఎత్తును బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన స్థిర గుర్తు) నుంచే తీసుకోవాలి. ఏఎస్‌టీఎం ఇ1155 అనే అమెరికా నేల కొలతల ప్రమాణం కూడా ఈ రెంటినీ వేరుచేస్తుంది: చదునుకు ఎఫ్ఎఫ్ సంఖ్యను అడుగు ఎడంలోని బిందువుల నుంచి, మట్టానికి ఎఫ్ఎల్ సంఖ్యను పది అడుగుల ఎడంలోని బిందువుల నుంచి లెక్కిస్తారు. కాంక్రీటు పనిలో ఎంత తేడా చెల్లుతుందో చెప్పే అమెరికా ప్రమాణం ఏసీఐ 117 ప్రకారం వీటిని కాంక్రీటు వేసిన 72 గంటల లోపలే కొలవాలి; పాత స్లాబ్ స్కాన్‌తో మేస్త్రీని తప్పుపట్టకండి.

క్షితిజ తలాన్ని స్కానర్‌కు ఇచ్చేది దానిలోని టిల్ట్ కాంపెన్సేటర్, అంటే స్కానర్ ఒరుగును కొలిచి సరిచేసే భాగం. అది 20 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు) తప్పితే 20 మీటర్ల దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అందుకే నేను ప్రతి హాలులో నాలుగు స్తంభాలకు నలుపు తెలుపు టార్గెట్లు అంటించి, వాటి ఎత్తులను అదే రోజు ఆటో లెవెల్‌తో తీసుకుని, స్కాన్‌తో 1 మిల్లీమీటరుకు మించి తేడా ఉంటే ఆ స్టేషన్‌ను మళ్లీ చేస్తాను. 1.8 మీటర్ల ఎత్తులోని స్కానర్ నుంచి 20 మీటర్ల దూరంలో కిరణం నేలను సుమారు 5 డిగ్రీల కోణంలోనే తాకి, దాని మచ్చ పదకొండు రెట్లు సాగుతుంది. కాబట్టి 10 మీటర్లు దాటిన నేల బిందువులను నేను వాడను. తడి నేలను అసలు స్కాన్ చేయకండి. రుషికొండ వంటి తీరపు చోట్ల ఏసీ కారులోంచి దింపిన పెట్టెను అరగంట మూసే ఉంచండి, లేకపోతే అద్దానికి ఆవిరి పడుతుంది.

అభ్యాసం: మీ ఇంట్లో 3 మీటర్ల చదరాన్ని 300 మిల్లీమీటర్ల గళ్లుగా గీసి, 121 బిందువుల ఎత్తులను నీళ్ల గొట్టంతో కొలవండి. రెండు తలాలతోనూ తేడాలు లెక్కించి, రెండు పట్టికలూ పంపండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోండి.