పెద్దవాళ్లు పడిపోకుండా: మా సెల్లార్‌లో మేం చేసే వ్యాయామం

మా అత్తగారు రోజూ విశాఖ బీచ్ రోడ్డులో నడిచేవారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా, మళ్లీ వెనక్కి. అలాంటి మనిషి 78వ ఏట ఇంట్లోనే, బాత్రూమ్ గడప దగ్గర వెనక్కి తిరగబోయి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ముప్పయ్యేళ్లు స్కూల్లో డ్రిల్లు టీచర్‌గా చేసిన నాకు అప్పటిదాకా తట్టలేదు. నడక గుండెకూ షుగర్‌కూ మంచిదే. కానీ తిన్నగా నడవడం వేరు, గబుక్కున తిరగడం, వంగి లేవడం, ఒక్క క్షణం ఒంటికాలి మీద ఆగడం వేరు. మనిషి పడేది ఎక్కువగా ఈ రెండోవాటిలోనే. వాటిని విడిగా సాధన చెయ్యాలి.

ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరున్నరకు పదకొండు మందిమి చేరుతున్నాం. 65 దాటినవాళ్లు బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు వారానికి కనీసం 3 రోజులు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవాళ్లు పడిన సందర్భాలు 23 శాతం తక్కువగా ఉన్నాయి. మందూ మాకూ లేకుండా అంత మేలు జరుగుతుంటే ఎందుకు వదులుకోవాలి?

మొదట మేడ మీద చేద్దామనుకున్నాం. వానలు పడితే అక్కడ పాచి, ఎండ వస్తే మన విశాఖ ఉక్క. సెల్లార్‌లో పార్కింగ్ టైల్స్ గరుకుగా ఉంటాయి, జారవు. బండ్ల కింద కారిన ఆయిల్ మాత్రం ముందే తుడిపించండి. తేలిక ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, బరువు ఆనగానే వంగుతాయి, జరుగుతాయి. చేతుల్లేని బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వెయ్యండి. హవాయి చెప్పులు, సాక్సులు వద్దు. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు చీలమండ పైకి ఎత్తి దోపుకోవాలి.

చేర్చుకునే ముందు నేను అందరినీ అడిగేవి ఇవి: ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? లేవగానే కళ్లు తిరుగుతాయా? నడిస్తే ఛాతీ పట్టేస్తుందా? అరికాళ్లు మొద్దుబారాయా? బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడుతున్నారా? వీటిలో దేనికి అవునన్నా ముందు డాక్టర్‌కు చూపించుకోమంటాను. స్పృహ తప్పి పడినవాళ్లను డాక్టర్ సరేననేదాకా చేర్చుకోను.

అయిదు నిమిషాలు ఉన్నచోటే కదం తొక్కి, ఒళ్లు వెచ్చబడ్డాక కుర్చీ దగ్గరికి వస్తాం. కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం, అన్నిటికంటే ముఖ్యమైన వ్యాయామం ఇదే, తొందరపడకండి. ముందు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టాలి. ముక్కు మోకాళ్ల మీదుగా వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. మూడో అంతస్తు మామ్మగారు మొదటి వారం "ఏటమ్మా, చేతులు ఆనించకుండా ఎలా లేస్తానూ" అన్నారు. నిజమే, వంగకుండా నిటారుగా లేవబోతే ఎవరివల్లా కాదు. ఆవిడ రెండు చేతులూ తొడల మీద ఆనించి మొదలుపెట్టారు. తర్వాత ఒక చెయ్యి, ఆపైన చేతులు గుండెల మీద కట్టుకుని. రెండు నెలలకు వరసగా ఎనిమిదిసార్లు లేచారు. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకూడదు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. కండకు అసలు పని అక్కడే.

తర్వాత గోడ దగ్గర నిలబడి మడమలు ఎత్తడం, పక్కకు అడుగులు వెయ్యడం పదేసిసార్లు.

ఆ తర్వాత అడుగులో అడుగు. ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా నిలబడి పది అంకెలు లెక్కపెట్టాలి. మొదట రెండు చేతులూ గోడకు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, చివరికి వేళ్లు గోడకు అంగుళం దూరంలో. కాస్త తూలితేనే సాధన అవుతున్నట్టు. హాయిగా నిలబడగలిగితే ఇంకొంచెం కష్టమైనదానికి వెళ్లాలి. అందుకే బాగా వణికేవారి వెనక ఒక మనిషి ఉండాలి. నడుం దగ్గర చేతులు చాచి సిద్ధంగా ఉంటే చాలు, పట్టుకోనక్కర్లేదు.

ఆఖరున రెండు కుర్చీలు దూరదూరంగా వేసి, చుట్టూ ఎనిమిది అంకెలా నడిపిస్తాను. మా అత్తగారు పడింది తిరుగుతూనే కదా. ఒక్క పాదం మీద గిర్రున తిరగొద్దు, చిన్నచిన్న అడుగులతో తిరగండి.

నెలకోసారి మందపాటి దుప్పటి పరిచి, పడితే ఎలా లేవాలో కూడా చేయిస్తాను. కంగారుపడి వెంటనే లేవకూడదు. దెబ్బ తగల్లేదని తెలిశాక పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికి వెళ్లాలి. కుర్చీ మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందుకు వేసి లేవాలి. మోకాళ్లు మడవలేనివాళ్లు కూర్చుని చూస్తే చాలు. తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉన్నా, కాలు మోపలేకపోయినా ఎవరూ లేపొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

మానేస్తే బలం మళ్లీ తగ్గిపోతుంది. అందుకే హాజరు పుస్తకం పెట్టాను. ఎవరు రాకపోయినా ఏడున్నరకల్లా వాళ్లింటికి ఫోన్ వెళ్తుంది. మొన్న బుధవారం అలా చేస్తే, రెండో అంతస్తు మేస్టారు రాత్రి నుంచి జ్వరంతో ఒంటరిగా ఉన్నారని తెలిసింది. ఎదురింటి పిన్నిగారు జావ కాచి తీసుకెళ్లారు.