డబుల్ అర్థం కుదిరాక మా జోడీ కుదిరింది

రాయగడలో మా సాయంత్రపు బ్రిడ్జి పేకాట బల్ల దగ్గర నా జోడీ ఒక రిటైర్డ్ మాస్టారు. చెయ్యి ఆడటంలో ఆయనకు తిరుగులేదు. తగాదా అంతా డబుల్ దగ్గరే, అంటే అవతలివాళ్ల పాట మీద పలికే ఆ మాటకు అర్థమేమిటన్న దగ్గరే. ఆయన ఒక డైమను పాడారు (వేలంలో పలికారు), పక్కవాళ్లు రెండు ఇస్పేట్లకు దూకారు. నా చేతిలో నాలుగు ఆఠీన్లు, పెద్ద ముక్కల లెక్కన తొమ్మిది పాయింట్లు. డబుల్ అన్నాను. ఆయన దాన్ని శిక్ష డబుల్, అంటే వాళ్లు పాడినన్ని పట్లు తీయలేరని పందెం పెంచడం, అనుకుని పాస్ అన్నారు. అవతలివాళ్లు పాడినట్టే సరిగ్గా ఎనిమిది పట్లు తీశారు, వల్నరబుల్ (బోనస్‌లు, జరిమానాలు పెరిగే స్థితి) కాకపోయినా 470 పాయింట్లు రాసుకున్నారు.

మర్నాడు కూర్చుని తేల్చుకున్నాం. మన వైపు రంగు ఇంకా కుదరకపోతే, అంటే ఏ రంగు మీద ఆడాలో ఇద్దరం ఒప్పుకోకపోతే, మూడు ఇస్పేట్ల దాకా డబుల్ అంటే పాడని రంగులు చూపించడమే. 1957లో ఆల్విన్ రోత్ తెచ్చిన నెగటివ్ డబుల్ ఇదే, ఆ రోజుల్లో దీన్ని స్పుత్నిక్ అనేవారు. రంగు కుదిరాక అంటే మాత్రం శిక్షే.

మాస్టారు వెంటనే అడిగారు: “మరి నీ చేతిలో నిజంగానే ఇస్పేట్లు దండిగా ఉంటే ఏం చేస్తావయ్యా?” అసలు కీలకం అక్కడే ఉంది. నేను పాస్ అంటాను. పాట తిరిగి తన దగ్గరకొచ్చినప్పుడు ఇస్పేట్లు తక్కువున్న ఆయన డబుల్ అనాలి, నేను మళ్లీ పాస్ అంటాను. అంటే ఆయన పేకలో ఒక్క ఇస్పేటే ఉంటే, బలం సాధారణమైనా, ఊరుకోకూడదు. ఈ భరోసా లేకపోతే నెగటివ్ డబుల్ సగమే పనిచేస్తుంది. చాలా జోడీలు ఈ రెండో సగం మాట్లాడుకోవు.

ఇవన్నీ మా జోడీ ఒప్పందాల కార్డు మీద రాసుకున్నాం. ఇప్పుడు నేను డబుల్ అంటే మాస్టారు ముందు తన ఆఠీన్లు లెక్కపెడతారు.