పాత వయల్‌లో కొత్త జాతి ఉందనిపిస్తే

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల మట్టి నుంచి తీసిన మా బాక్టీరియా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో, ఒక వయల్ (చిన్న సీసా)లో ఆరేళ్లు వేరే జాతి పేరుతో పడి ఉంది. హాలోమోనాస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు)లోని ఒక తెలిసిన జాతితో దాని 16ఎస్ జన్యువు (బాక్టీరియాను గుర్తించడానికి పోల్చే జన్యువు) 99.2 శాతం కలిసిందని ఎవరో ఆ చీటీ అంటించారు. ఆ పోలిక 98.7 శాతం కంటే తగ్గితే కొత్త జాతి కావచ్చు. దాటినంత మాత్రాన పాత జాతే అనుకోవడం పొరపాటు.

ముందు కల్చర్ (పెంచిన బాక్టీరియా) శుద్ధంగా ఉందో లేదో చూసుకొని, పూర్తి జన్యుక్రమం చేయించండి. పోల్చవలసింది ఆ జాతి టైప్ స్ట్రెయిన్‌తోనే, అంటే ఆ జాతికి ప్రామాణికంగా భద్రపరిచిన నమూనాతోనే. డేటాబేసులో అదే పేరుతో ఉన్న ఏదో ఒక జన్యుక్రమంతో కాదు, అక్కడా తప్పుడు చీటీలు ఉంటాయి. కొత్త జాతి అనాలంటే ఏఎన్ఐ (రెండు జన్యుక్రమాల సగటు పోలిక) 95-96 శాతం కంటే, డిజిటల్ డీడీహెచ్ (రెండు డీఎన్ఏలు ఎంత జతకూడతాయో కంప్యూటర్ వేసే అంచనా) 70 శాతం కంటే తక్కువ రావాలి. మాకు ఏఎన్ఐ 90.4 వచ్చింది.

అంకెలు చూసి మురిసిపోయి నేను చేసిన తప్పు మీరు చేయకండి. టైప్ స్ట్రెయిన్ లక్షణాలను పాత వ్యాసం నుంచి ఎత్తి పట్టికలో రాశాను. సమీక్షకులు మా వ్యాసాన్ని తిప్పి పంపారు. న్యాయమే. తర్వాత టైప్ స్ట్రెయిన్‌ను తెప్పించి, ఒకే మాధ్యమం మీద, ఒకే ఇంక్యుబేటరులో రెండింటినీ పెంచాను. మాది మీగడ రంగులో జిగటగా, లూపు (కల్చర్ తీసే సన్నని కడ్డీ) ఎత్తితే పాకంలా తీగ సాగింది. అది పసుపుగా, చదునుగా ఉంది. 20 శాతం ఉప్పులో మాది పెరిగింది, అది పెరగలేదు. కొవ్వు ఆమ్లాల పరీక్షకూ రెండింటినీ ఒకే ఎదుగుదల దశలో తీయాలి.

అసలు ఆలస్యం డిపాజిట్ దగ్గర. రెండు వేర్వేరు దేశాల కల్చర్ సేకరణ కేంద్రాల్లో స్ట్రెయిన్ ఉంచి, ఎవరడిగినా ఇస్తామన్న ధ్రువపత్రాలు తెచ్చుకోవాలి. మన దేశం దాటించాలంటే 2002 జీవవైవిధ్య చట్టం నిబంధనలు ముందే చదవండి.

పేరుకు లాటిన్ వ్యాకరణం తప్పదు. హాలోమోనాస్ స్త్రీలింగం, జాతి పేరుగా వాడే విశేషణం దానికి తగ్గట్టే ఉండాలి. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు. హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ తెచ్చిన గాలి నమూనాల్లో దొరికిన ఒక జాతికి 2009లో బాసిల్లస్ ఆర్యభట్టై అని పేరు పెట్టారు. 2020లో దాన్ని ప్రీస్టియా ప్రజాతిలోకి మార్చారు. ఇంటిపేరు మారినా ఆర్యభట్టు మిగిలాడు.

మా వయల్ మీద పాత చీటీ ఇంకా అలాగే ఉంది. రెండో ధ్రువపత్రం రావాలి.