విన్నది విన్నట్టే జారిపోతోందా? ఎక్కడ జారుతోందో ఇలా పట్టుకోండి

ఇప్పుడే విన్న మాట గుర్తు రాకపోతే చాలామందికి ముందు టెన్షన్ పట్టుకుంటుంది. కానీ తాత్కాలిక జ్ఞాపకం తీరే అంత: చోటు తక్కువ, గడువు కొన్ని సెకన్లు. మాట ఏ దశలో పోయిందో తెలిస్తే, ఏం చేయాలో తేలిగ్గానే తెలుస్తుంది.

సమస్య: కొత్తగా పరిచయమైన మనిషి పేరు అప్పటికప్పుడే పోతుంది.

కారణం: చాలాసార్లు అది మర్చిపోవడం కాదు, పేరు అసలు లోపలికే వెళ్ళలేదు. అవతలివాళ్ళు పేరు చెబుతుంటే మనం ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటాం. వరుసగా ఒక్కొక్కరే మాట్లాడే చోట, మన వంతుకు సరిగ్గా ముందువాళ్ళు చెప్పిందే మనకు తక్కువ గుర్తుంటుందని ప్రయోగాల్లో కూడా తేలింది.

పరిష్కారం: పేరు వినగానే ఆ పేరుతోనే ఒక మాట కలపండి. సరిగ్గా వినపడకపోతే వెంటనే మళ్ళీ అడగండి. అప్పుడు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

సమస్య: నంబర్ సగం కొట్టేసరికి మిగతా సగం మాయం.

కారణం: తాత్కాలిక జ్ఞాపకంలో ఒకేసారి పట్టేవి ఏడు, రెండు అటూ ఇటూ అని 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ అన్నాడు. మనసులో వల్లె వేసుకునే వీలు, కలిపి గుర్తుపెట్టుకునే వీలు లేకపోతే ఆ లెక్క నాలుగు దగ్గరే ఆగుతుందని 2001లో మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ వాదించాడు. ఇక్కడ లెక్క విడి అంకెలది కాదు, అర్థమున్న ముక్కలది. 194519692000 అని ఒక్కసారి చూస్తే పన్నెండు అంకెలు. 1945, 1969, 2000 అని విడగొడితే మూడే ముక్కలు: రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది, 2000.

సాధనతో చోటే పెరుగుతుందా? నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు 1980లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉంది. ఏడు అంకెలతో మొదలుపెట్టిన ఒక విద్యార్థి నెలల తరబడి సాధన చేసి దాదాపు 80 అంకెలు తిరిగి చెప్పగలిగాడు. అతను పరుగు పందేలవాడు కావడంతో అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్ళీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే చోటు పెరగలేదు, ముక్కలు కట్టే నేర్పు పెరిగింది.

పరిష్కారం: పది అంకెల నంబర్‌ని మూడు, మూడు, నాలుగుగా విడగొట్టి కాస్త లయతో చెప్పుకోండి. కోడ్‌లో అక్షరాలుంటే ఇంకొంచెం జాగ్రత్త. కంటితో చూసినదాన్ని కూడా మనసు శబ్దంగానే పట్టుకుంటుంది కాబట్టి బీ బదులు వీ రాసేస్తాం. అలాంటివి గుర్తుపెట్టుకోకుండా చూస్తూ కొట్టడమే మేలు.

సమస్య: మధ్యలో ఎవరో పలకరించారు, అంతా పోయింది.

కారణం: 1959 నాటి ఒక ప్రయోగంలో మూడంటే మూడు అక్షరాలు వినిపించి, వెంటనే మూడేసి తగ్గిస్తూ అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నారు. పద్దెనిమిది సెకన్లకల్లా చాలావరకు పోయాయి. వల్లె వేయడం ఆగిపోతే మూడక్షరాలే నిలవవు, ఇక చేయాల్సిన పని ఏం నిలుస్తుంది?

పరిష్కారం: తల తిప్పకముందే "ఒక్క క్షణం" అనండి. చేస్తున్న పనిలో తర్వాతి అడుగు రెండు మాటల్లో రాసుకుని అప్పుడు బదులివ్వండి.

సమస్య: పక్క గదిలోకి వెళ్ళాక దేనికొచ్చామో తెలియదు.

కారణం: చోటు మారడంతో మనసు కొత్త సందర్భంలోకి వెళ్ళిపోతుంది.

పరిష్కారం: కావలసిన వస్తువు పేరు పైకి అనుకుంటూ వెళ్ళండి. అప్పటికే మర్చిపోతే బయల్దేరిన చోటికి తిరిగి వెళ్ళి చూడండి.

ఈ చిట్కాలతో తీరనివీ ఉన్నాయి. నిద్ర చాలకపోయినా, మానసిక ఒత్తిడి, బి12 లోపం, థైరాయిడ్ సమస్య ఉన్నా, కొన్ని మందుల వల్లా మతిమరుపు రావచ్చు. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా, తెలిసిన దారిలోనే తప్పిపోతున్నా డాక్టర్‌ని కలవండి. హఠాత్తుగా అయోమయంగా మాట్లాడటం మొదలైతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.