నాలుగో హోల్‌లో తొమ్మిది పడ్డాక ఏం చేయాలి

మా టౌన్‌షిప్ గోల్ఫ్ కోర్సు తొమ్మిది హోల్స్‌ది. హోల్ చుట్టూ గడ్డి గ్రీన్స్ లేవు, బ్రౌన్స్ అనే ఇసుక జాగల మీదనే ఆడుతం. పోయిన ఆదివారం మొదటి మూడు హోల్స్ 5, 4, 5 షాట్లల్ల అయినయి. నాలుగోది పార్ 4, అంటే నాలుగు షాట్లల్ల ముగియాల్సింది, అక్కడ 9 పడ్డది. అయినా 48తో ముగించిన. నాలాగ వారానికోసారి ఆడేవాళ్లకు పనికొస్తదని రాస్తున్న.

ఆ 9 డ్రైవర్‌తోని, అంటే దూరం కొట్టే క్లబ్బుతోని మొదలైంది. బాల్ కుడి దిక్కు తుమ్మల్ల పడ్డది. దొరుకుతదిలే అని నడిచిన. వెతకనీకి రూల్ ఇచ్చేది 3 నిమిషాలే. దొరకలే. మొదటి షాట్ కొట్టిన చోటు, టీ దాకా వాపస్ వచ్చి, ఒక పెనాల్టీ షాట్‌తో మూడో షాట్ కొట్టాల్సి వచ్చింది. అందుకే, అనుమానం వస్తే చాలు, "ప్రొవిజనల్ కొడుతున్న" (మొదటిది దొరకకపోతేనే ఇది లెక్క) అని తోటివాళ్లకు చెప్పి ఇంకో బాల్ కొట్టండి. చెప్పకుండా కొడితే రెండో బాలే లెక్క, మొదటిది దొరికినా పనికిరాదు.

ముండ్ల కింద బాల్ దొరికితే దాంతో కొట్లాడకండి. ఒక పెనాల్టీ తీసుకోండి. హోల్‌కు దగ్గర కాకుండా, రెండు క్లబ్బుల పొడవు లోపల, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయండి.

ఇగ ఐదో టీ. పోయినవన్నీ ఒక్క దెబ్బకు తిరిగి తెచ్చుకోవాలని చేతులు గుంజుతయి. డ్రైవర్ ముట్టకండి. నా 7 ఐరన్ (మధ్య దూరం క్లబ్బు) 130 గజాలు పోతది. 350 గజాల పార్ 4కు రెండు 7 ఐరన్లు, ఒక వెడ్జ్ (దగ్గరి దూరం క్లబ్బు), హోల్‌లోకి దొర్లించే రెండు పట్లు: 5. హ్యాండిక్యాప్ అంటే ఆటగాని స్థాయిని బట్టి వచ్చే అదనపు షాట్లు; 18 ఉన్నోళ్లకు హోల్‌కు ఒకటి వస్తది, అది తీసేస్తే ఈ 5 నెట్ పార్. నాకు ఐదు, ఆరు హోల్స్ అట్లనే 5, 5 వచ్చినయి, ఏడోది 4. కార్డు మీద 9 ఉన్నా, హ్యాండిక్యాప్ లెక్కలో అది 7గనే పోతది: పార్ 4, పైన రెండు, మనకొచ్చే స్ట్రోక్ ఒకటి.

ఎనిమిదోది మాత్రం నా తొందరతో పోయింది. బ్రౌన్ మీద పట్టా లాగి ఇసుక సాపు చేసిన గానీ, హోల్ దగ్గర ఎవరిదో మడమ గుంట మిగిలింది. నాలుగడుగుల పట్ అందుల పడి ఎడమకు తిరిగింది. 6. పట్టా లాగినంక ఒకసారి కూసొని, బాల్ నుంచి హోల్ దాకా చూడండి. ఇసుక బాల్‌ను పట్టేస్తది కాబట్టి హోల్ అవతలి అంచుకు తగిలేటంత గట్టిగ కొట్టాలె. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. నేను ఇంట్ల స్టీలు గ్లాసు పండబెట్టి, దాని మూతిలోకి కొడుత. అది అంతకన్నా చిన్నది.